"నీదే అనుకో బావా" అన్నంత మాత్రాన గుర్రం బావదైపోతుందా?

ఉత్తరం: అన్నా, మాది ఉలవపాడు దగ్గర పల్లె. మూడేళ్ళ కిందట మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతకు పోయి లక్షా డెబ్బై వేలు పెట్టి తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాను, పెళ్ళి ఊరేగింపులకు తిప్పుదామని. ఏడాది తిరక్కముందే చెన్నైలో ఉద్యోగం వచ్చింది. కొత్తపట్నం దగ్గర నాకు దూరపు వరసకు బావ అయ్యే ఆయన ఉన్నాడు, ఆయనకు అప్పజెప్పాను. టంగుటూరు దగ్గర టీ అంగట్లో కూర్చుని మాట్లాడుకున్నాం, కాగితం ఏమీ రాసుకోలేదు. "నువ్వే మేపుకో, పెళ్ళిళ్ళకు తిప్పుకో, వచ్చినదాంట్లో నాకింత వేస్తూ ఉండు, మిగతాది తర్వాత చూసుకుందాం, నీదే అనుకో బావా" అన్నాను. రెండేళ్ళ నాలుగు నెలలైంది. అప్పుడప్పుడు ఫోన్‌పేలో వేస్తూ వచ్చాడు, మొత్తం 46 వేలు. ఇప్పుడు గుర్రం ఈనింది, పిల్లకు నాలుగో నెల. నేను ఊరికి తిరిగొస్తున్నా, గుర్రాన్ని తోలుకుపోతానంటే "అమ్మేశావు కదా, డబ్బులు కూడా తీసుకున్నావు, కావాలంటే మేత ఖర్చు లక్షా ఎనభై వేలు కట్టి తోలుకుపో" అంటున్నాడు. పిల్ల మాట ఎత్తితే "మగ గుర్రంతో దాటించింది నేను, ఖర్చు నాది, అయినా అది నల్లగా ఉంది చూడు, నీ తెల్ల గుర్రం పిల్లేనా అది" అంటున్నాడు. పిల్లను గూడూరు వాళ్ళెవరికో బేరం పెట్టాడని తెలిసింది. ఇంట్లోవాళ్ళు పోలీసు కేసు పెట్టమంటున్నారు. స్నేహితులేమో రాత్రికి మినీ లారీ తీసుకెళ్ళి ఎక్కించుకొచ్చేద్దాం అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. గుర్రం ఎవరిది? పిల్ల ఎవరిది?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ మినీ లారీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ ఉత్తరం నీకు చేరేలోపే మీ స్నేహితులు డీజిల్ కొట్టించేసి ఉంటారేమోనని నా భయం. వద్దు. గుర్రం నూటికి నూరుపాళ్ళు నీదే అయినా, ఇంకొకరి స్వాధీనంలో ఉన్నదాన్ని చీకట్లో ఎత్తుకొస్తే నీ మీద దొంగతనం కేసు పడే దారి ఉంది. బాగుచేసినందుకు కూలి బాకీ ఉండి, ఆ కూలి కోసం రిపేరువాడు చట్టబద్ధంగా అట్టిపెట్టుకున్న తన వాచీని తానే లాక్కొచ్చుకున్నవాడు కూడా దొంగే అవుతాడని చట్టంలోనే ఉదాహరణ రాశారు, పాత ఐపీసీలో కూడా ఉండేది అది. మీ బావ ఇప్పటికే మేత బాకీ ఉందంటున్నాడు కదా, ఇలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉంటాడు. పైగా పిల్లకు ఇంకా నాలుగో నెల, పాలు మానే వయసు ఇప్పుడిప్పుడే వస్తోంది. తల్లిని ఒక్కదాన్నే ఎక్కించుకొస్తే అక్కడ పిల్ల, ఇక్కడ తల్లి రెండూ గోల పెడతాయి, ఊరంతా లేస్తుంది.

ఇక అసలు విషయం. మీరు టీ అంగట్లో అనుకున్న మాట నాలుగైదుసార్లు చదివాను. అందులో "అమ్ముతున్నాను" లేదు, "ఇంతకు కొంటున్నాను" లేదు, ధర లేదు. మేపుకోవడం ఉంది, తిప్పుకోవడం ఉంది, వాటా ఉంది, చివర్లో ఆ పాడు మాట "నీదే అనుకో" ఉంది. మన వైపు ఎవరింటికైనా భోజనానికి వెళ్తే "మీ ఇల్లే అనుకోండి" అంటారు, అన్నారని పట్టా మన పేర రాయించుకుంటామా? కానీ అదే మాట కోర్టులో వకీలు నోట్లోంచి వచ్చేసరికి చాలా వేరుగా వినపడుతుంది, "నీదే అన్నాడండీ, వాది తానే ఒప్పుకున్నాడు" అంటాడు. కాబట్టి ఆ మాట అన్నావా లేదా అన్నదాని కంటే, అన్న తర్వాత ఈ రెండేళ్ళ నాలుగు నెలలు మీరిద్దరూ ఎలా నడుచుకున్నారన్నదే నీ కేసుకు ప్రాణం.

నోటి మాట చెల్లదని ఎవరైనా చెబితే నమ్మకు, అది నీకూ వర్తించదు, మీ బావకూ వర్తించదు. గుర్రం లాంటి చరాస్తిని అమ్మడానికీ, అప్పగించడానికీ కాగితం ఉండి తీరాలని చట్టం అడగదు. 1930 నాటి వస్తువుల అమ్మకపు చట్టం 5వ సెక్షన్ నోటి మాటతో కూడా అమ్మకం జరగొచ్చంటుంది. చిక్కల్లా రుజువు దగ్గర.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ఎప్పుడైనా తిరగేశావా? అందులో ఎక్కడ చూసినా గుర్రాలే. ఆ రోజుల్లో మనిషికి కారూ బైకూ అన్నీ గుర్రమే కాబట్టి ఉదాహరణల కోసం వాళ్ళు ఇంకెక్కడికీ పోలేదు. 29వ సెక్షన్ దగ్గర ఉదాహరణ అయితే నీ గురించే రాసినట్టుంటుంది: ఒకడు "నా తెల్ల గుర్రాన్ని నీకు 500 రూపాయలకో 1000 రూపాయలకో అమ్ముతాను" అన్నాడు, ఆ రెంటిలో ఏది ధరో తెలిసే దారి లేదు, ఆ ఒప్పందం చెల్లదు. 150 ఏళ్ళ నాటి తెల్ల గుర్రం! మీ ఇద్దరి మధ్య ఆ మాత్రం అంకె కూడా లేదు. అయితే ఇక్కడ తొందరపడి పండగ చేసుకోకు, అమ్మకం జరిగిందని వేరే విధంగా రుజువై ధర ఒక్కటే తేలకపోతే న్యాయమైన ధర ఇవ్వాలని అమ్మకపు చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. అంటే ధర అనుకోలేదన్న ఒక్క వాదన మీద కూర్చుంటే చాలదు.

46 వేలకు లక్షా డెబ్బై వేల గుర్రమా అని కూడా అడుగుతావు, ఆ ప్రశ్నకూ కాంట్రాక్టు చట్టంలో గుర్రమే ఉంది. 25వ సెక్షన్ కింద: వెయ్యి రూపాయల గుర్రాన్ని ఒకడు ఇష్టపూర్వకంగా పది రూపాయలకు అమ్మడానికి ఒప్పుకుంటే అది చెల్లుతుంది. కానీ తాను ఇష్టపూర్వకంగా ఒప్పుకోలేదని అతను అంటే, ధర అంత తక్కువ ఉండటాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవాలి. కాబట్టి ధర తక్కువ కావడం దానంతట అదే నిన్ను గెలిపించదు, మిగతా సాక్ష్యానికి తోడు నిలబడుతుంది, అంతే.

మరి మిగతా సాక్ష్యం ఏది? ఇక్కడే నీకు ఒక పని చెబుతాను, ఈ జవాబు మొత్తంలో ఇదొక్కటి చేసినా చాలు. ఫోన్‌పే హిస్టరీ మొత్తం తీసి, ఏ తేదీన ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాయి. పక్కన పంచాంగం పెట్టుకో. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, ముహూర్తాలు దండిగా ఉండే నెలల్లో డబ్బు వచ్చి, ఆషాఢంలో, భాద్రపదంలో, ధనుర్మాసంలో ఏమీ రాకుండా ఉంటే, అవి గుర్రం ధరకు కట్టిన వాయిదాలు కావు, పెళ్ళిళ్ళ సంపాదనలో నీ వాటా. వాయిదా కట్టేవాడు ఆషాఢం చూసి ఆగడు కదా. అంకెలు కూడా చూడు, ఒకసారి 1,500, ఒకసారి 3,200, ఇంకోసారి 900 ఇలా ఎగుడుదిగుడుగా ఉన్నాయా, నెలనెలా ఒకే మొత్తమా? ఎగుడుదిగుడుగా ఉంటే నీకు బలం. నెలకు 2 వేల చొప్పున ఠంచనుగా వచ్చి ఉంటే మాత్రం నిజం చెబుతున్నా, మీ బావ మాటకు బలం.

దానికి తోడు వాట్సాప్. "ఈరోజు చీమకుర్తిలో ఊరేగింపు, నీ వాటా వేశా చూసుకో" లాంటి మెసేజ్ ఒక్కటి దొరికినా సగం కేసు అయిపోయినట్టే, ఎందుకంటే కొనుక్కున్నవాడు పాత యజమానికి వాటా వెయ్యడు. "లాడాలు కొట్టించాలి, డబ్బులు పంపు" అని నిన్ను ఎప్పుడైనా అడిగాడా, గుర్రానికి కడుపునొప్పి వచ్చినప్పుడు డాక్టర్ని పిలిపించనా అని నీకు ఫోన్ చేశాడా, చూడి కట్టించనా అని అడిగాడా? వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఫోన్ మార్చకు, ఫార్మాట్ చెయ్యకు, స్క్రీన్‌షాట్లు తీసి అసలువి డిలీట్ చేసే తెలివితక్కువ పని అసలు చెయ్యకు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్‌లోవి సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ జత చెయ్యాలి, అది మీ వకీలు చూసుకుంటాడు, ఫోన్ పదిలంగా ఉంచడం నీ పని. సంతలో రాసిచ్చిన రశీదు, అక్కడి నుంచి తెచ్చిన బండి కిరాయి చీటీ, దారిలో తీసిన ఫోటోలు, టీ అంగట్లో పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళ పేరు, అన్నీ ఒకచోట పెట్టు.

ఇవన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయనుకుందాం. అప్పుడు చట్టం దృష్టిలో నువ్వు గుర్రాన్ని అమ్మలేదు, ఒక పని కోసం అప్పగించావు, ఆ పని అయ్యాక లేదా అడిగినప్పుడు తిరిగివ్వాల్సిన షరతు మీద. కాంట్రాక్టు చట్టం 148 నుంచి దీని గురించే. నీకు పనికొచ్చే సెక్షన్ 163. ఒకడు తన ఆవును ఇంకొకడి దగ్గర చూసుకోమని వదిలాడు, అక్కడ అది ఈనింది, ఆవుతో పాటు దూడనూ తిరిగివ్వాలి. వేరేగా ఒప్పుకుని ఉంటే తప్ప అదీ నియమం. మన పల్లెల్లో ఆవునో మేకనో మేపుకోమని ఇచ్చి, పుట్టినదాంట్లో చెరిసగం అనుకోవడం మామూలే కదా, అలా అనుకుని ఉంటే అది వేరే ఒప్పందం అవుతుంది, దాన్ని మీ బావే రుజువు చేసుకోవాలి. నీ ఉత్తరంలో పిల్లల గురించి ఎక్కడా లేదు. దాటించడానికి ఆయన ఖర్చు పెట్టి ఉంటే ఆ ఖర్చు అడగొచ్చు, అంతేగానీ మగ గుర్రాన్ని తెచ్చినంత మాత్రాన పిల్ల ఆయనదైపోదు. ఆ ఖర్చు నువ్వు ఇచ్చెయ్, బేరాలాడకు, ఆ కాస్త దగ్గర పీటముడి వెయ్యొద్దు.

లక్షా ఎనభై వేల మేత లెక్క గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే నీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఆ అంకే అని నా అనుమానం. ప్రతిఫలం ఏమీ లేకుండా ఊరికే నీ గుర్రాన్ని చూసుకుని ఉంటే, అవసరమైన ఖర్చులు నువ్వు తిరిగివ్వాలని 158వ సెక్షన్. కానీ ఆయన ఊరికే చూసుకోలేదు, పెళ్ళిళ్ళకు తిప్పాడు, సంపాదించాడు, అందులో కొంత నీకు వేశాడు. గుడ్డి గుర్రానికైనా దాణా తప్పదు, నిజమే, కానీ ఈ గుర్రం తన ఉలవ గుగ్గిళ్ళు తానే సంపాదించుకుంది. (ఉలవపాడు వాడికి ఉలవల సంగతి చెప్పాలా! మీ ఊరి పేరు చూస్తే నాకు మామిడికాయలే గుర్తొస్తాయి గానీ.) కాబట్టి ఆయన రాబడి లెక్క చెప్పకుండా ఖర్చు లెక్క మాత్రమే చెబితే కుదరదు. రెండూ చెప్పమను. చూడితో ఉన్న చివరి నెలల్లో, ఈనాక ఈ నాలుగు నెలల్లో తిప్పకుండా మేపి ఉంటాడు, ఆ కాలానికి మేత అడిగితే మాత్రం న్యాయమే అనిపిస్తుంది నాకు, అది ఇవ్వడానికి సిద్ధపడు.

ఇప్పుడు చేదు మాట. కోర్టు నీ మాట నమ్మకుండా ఇది అమ్మకమే అని తేల్చిందనుకో. అప్పుడు "మిగతా డబ్బు ఇవ్వలేదు కాబట్టి గుర్రం నాదే" అన్న వాదన నిలవదు. ఫలానా గుర్రం అని ఎంచుకుని షరతులేవీ లేకుండా అమ్మకం కుదిరితే, డబ్బు తర్వాత ఇచ్చినా యాజమాన్యం అప్పుడే మారిపోతుందని అమ్మకపు చట్టం 20వ సెక్షన్. నీకు మిగిలేది బాకీ డబ్బు అడిగే హక్కు, దానికి గడువు మామూలుగా గుర్రం అప్పగించిన రోజు నుంచి 3 ఏళ్ళు. రెండేళ్ళ నాలుగు నెలలు గడిచాయి. ఎనిమిది నెలలే ఉన్నాయి, అందులో పంచాయితీలకే ఆరు నెలలు పోతాయి మన దగ్గర. అప్పగింతే అని తేలితే మాత్రం గడువు నువ్వు అడిగి ఆయన కాదన్న రోజు నుంచి మొదలవుతుంది, అదీ 3 ఏళ్ళే. రెండింటికీ సరిపోయేలా ఇప్పుడే కదులు. దావాలో కూడా "గుర్రం, పిల్ల ఇప్పించండి, అది కాదంటే న్యాయమైన ధరలో మిగతాది ఇప్పించండి" అని రెండూ అడగమని వకీలుకు చెప్పు.

దానికంటే తొందరైన పని గూడూరు బేరం ఆపడం. ఎవరో అమాయకుడు మంచి నమ్మకంతో కొనుక్కుని పోతే వ్యవహారం ముదురుతుంది, మీ బావ కొనడానికి ఒప్పుకుని స్వాధీనంలో పెట్టుకున్నవాడని తేలితే ఆ కొన్నవాడికి మంచి హక్కు దక్కే అవకాశం కూడా ఉంది. అందుకని ఈ వారంలోనే వకీలు చేత స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించు, గూడూరు వాళ్ళెవరో తెలిస్తే వాళ్ళకూ ఒక కాపీ. వివాదం ఉందని తెలిశాక కొన్నవాడు తర్వాత "నాకేం తెలుసు" అనలేడు. నోటీసు అందాక కూడా మీ బావ అమ్మబోతుంటే సివిల్ కోర్టులో అమ్మకుండా తాత్కాలిక ఉత్తర్వు అడగొచ్చు.

పోలీసుల దగ్గరికి మొదటే పరుగెత్తమని నేను చెప్పను. అప్పగించినదాన్ని దురుద్దేశంతో సొంతం చేసుకుంటే నమ్మకద్రోహం నేరమే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్, కానీ ఆయన "కొన్నాను, ఇదిగో డబ్బు వేసిన లెక్క" అనగానే స్టేషన్‌లో "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొండి" అంటారు, అనడం తప్పు కూడా కాదు. నోటీసు అందాక దొంగచాటుగా అమ్మేస్తే అప్పుడు నీ ఫిర్యాదుకు బరువు వేరు. పెద్దమనుషుల దగ్గర కూర్చోవడం మంచిదే కానీ వాళ్ళ తీర్పు రేపు ఎవరో ఒకరు కాదంటే అంతే సంగతులు. ఒంగోలు జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది, అక్కడ దావా వెయ్యకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. బంధువుల మధ్య తగాదా కాబట్టి నీకు ఇదే సరైన చోటనిపిస్తుంది. రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడతారు, అదీ గుర్రం ముందు నడుస్తుండగా.

రాజీకి కూర్చుంటే నేనైతే ఇలా అడుగుతాను: తల్లి నీకు, దాటించిన ఖర్చూ ఈ చివరి నెలల మేతా బావకు, పిల్ల పాలు మానేదాకా రెండూ కొత్తపట్నంలోనే, తర్వాత పిల్ల కూడా నీకు. ఆయన పిల్ల మీద మరీ మనసు పడితే దానికి ధర కట్టి ఆయనకే ఇచ్చెయ్. నువ్వు గుర్రాన్ని మళ్ళీ పోషించగలవా లేదా అన్నది కూడా ఒకసారి ఆలోచించు, కోపంలో తెచ్చుకుని ఆర్నెల్లలో మళ్ళీ ఇంకొకరికి "నీదే అనుకో" అంటే నేనేం చెయ్యలేను. తెచ్చుకున్నాక మేత ఒక్కసారిగా మార్చకు, వారం పది రోజులు పాతది కొత్తది కలిపి పెట్టు. గుర్రానికి వాంతి రాదు, కడుపు చెడితే ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా ఆ నల్ల రంగు మాట. మీ బావకు తెలియక అంటున్నాడో తెలిసి అంటున్నాడో గానీ, మన ఊరేగింపుల్లో కనిపించే తెల్ల గుర్రాల్లో చాలావాటికి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ చర్మం నల్లగా ఉంటుంది. అలాంటివి పుట్టుకతో తెల్లనివి కావు, నల్లగానో గోధుమ రంగులోనో పుట్టి ఏళ్ళ మీద తెల్లబడతాయి. చర్మం కూడా గులాబీ రంగులో ఉంటే అది పుట్టు తెలుపు. నీ గుర్రం మూతి ఫోటో తీసి చూడు. నల్ల చర్మమైతే దానికి నల్ల పిల్ల పుట్టడంలో వింతేమీ లేదు. గులాబీ చర్మమైనా తల్లి రంగే పిల్లకు రావాలని లేదు, తండ్రి రంగూ చూడాలి. అప్పటికీ మొండికేస్తే డీఎన్‌ఏ పరీక్షతో తల్లీపిల్లల సంబంధం తేలిపోతుంది, ఆ మాట నోటీసులోనే రాయించు. పిల్ల ఆనవాళ్ళు రాయించేటప్పుడు రంగు ఒక్కటే నమ్ముకోవద్దు, మూడేళ్ళకు అది వేరే రంగులో ఉండొచ్చు. నుదుటి మీద, మెడ మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ కాలికి తెల్ల మచ్చ ఉందో చూసి రాయించు, రెండు వైపులా ఫోటోలు తియ్యి. ఆదివారం పగటిపూట, స్వీటు పొట్లం పట్టుకుని, పిల్లను చూడ్డానికి వచ్చానని చెప్పి వెళ్ళు.